కడప అంగట్లో మా అమ్మ నడక

ఆ రోజు మేము కడపలో దిగింది చీర కొనడానికి. వేంపల్లెలో మా చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుంది. ఆదివారం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి ఇంటి ప్రతిష్ఠ జరిపిస్తారు. శనివారం పొద్దున్నే అమ్మా నేనూ బేతంచెర్ల పక్కన ఉన్న మా ఊరి నుంచి బయల్దేరాము. బర్రెల్ని ఎవరికైనా అప్పజెప్పి మరుసటి రోజు వస్తానని నాన్న ఆగిపోయాడు. చెల్లెలికి చీరా, మరిదికి ప్యాంటూ షర్టూ కడపలో తీసుకుని, సాయంత్రం బస్సుకు వేంపల్లె పోదామని అనుకున్నాం.

నేను ఆత్మకూరులో టీచర్ని. అమ్మను తీసుకెళ్ళడానికి ముందు రోజే ఊరికి వచ్చాను. బయల్దేరేటప్పుడు చిన్న గొడవ జరిగింది. నీలం పట్టంచు చీర కట్టుకోమన్నాను. అమ్మ వినలేదు.

"బస్సులో దుమ్ము కొట్టుకుపోయేదానికి పట్టంచేందిమే? అది రేపు ప్రార్థనకు," అని, ఉతికి ఉతికి మెత్తబడిన ఇటుకరంగు నూలుచీరే కట్టుకుంది. చేతిలో గుడ్డసంచి. అందులో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. పెద్ద ఊరికి పోతూ ఇట్లా వస్తుందేమిటని నాకు లోపల కష్టంగానే ఉండింది.

కడప బస్టాండులో దిగేసరికి ఎండ నెత్తిన కూర్చుంది. నీడ చూసుకుని రొట్టెలు తిన్నాం. ఆటో ఎక్కి, ఈ మధ్యనే తెరిచిన పెద్ద అంగడికి పోయాం. నాలుగు అంతస్తులు. గిన్నెల నుంచి పరుపుల దాకా, చంటిపిల్లల జుబ్బాల నుంచి పెళ్ళిచీరల దాకా అన్నీ ఒకే చోట. గేటు దగ్గర గుడ్డసంచి తీసుకుని టోకెన్ ఇచ్చారు. లోపలికి అడుగు పెట్టగానే ఏసీ గాలి తగిలింది. అమ్మ కొంగు రెండు భుజాల మీదికీ లాక్కుంది.

"వీళ్ళకు ఎండాకాలమే రాదేమో," అంది.

చీరలు రెండో అంతస్తులో. మేము పోయేసరికి అక్కడ చీరలు చూపించేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ మధ్యలో గుంపుగా నిలబడి ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. ఎదురుగా నల్లగుడ్డ పరిచిన పొడుగాటి చెక్కవేదిక ఉంది. పాటలు గుండెలు అదిరేట్టు మోగుతున్నాయి. స్తంభానికి కట్టిన బ్యానరు మీద 'ఫ్యాషన్ షో, ప్రవేశం ఉచితం' అని రాసి ఉంది. ఒక అమ్మాయిని ఆపి చీరలు చూపించమన్నాను.

"ఒక్క గంట కూర్చోండి మేడమ్. షో అయిపోయాక చూపిస్తా. టికెట్ ఏం లేదు," అని తనూ వేదిక వైపు పరిగెత్తింది.

వేరే దారి లేదు. మూడో వరసలో రెండు కుర్చీలు దొరికితే కూర్చున్నాం.

"ఫ్యాషన్ షో అంటే ఏందిమే?" అంది అమ్మ.

"ఆడపిల్లలు కొత్త బట్టలు వేసుకుని ఆ చెక్క మీద నడుస్తారమ్మా. చూసినవాళ్ళకు నచ్చితే అవి కొంటారు."

"నడిచేదేనా? ఇంగేం జెయ్యరా?"

"అంతే."

"నడిచేది జూసేదానికి ఇంతమందా!" అని చుట్టూ ఒకసారి చూసి, సర్దుకుని కూర్చుంది.

షో మొదలైంది. మైకు పట్టుకున్న అమ్మాయి సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి గలగలా మాట్లాడుతోంది. ఎనిమిది మంది నడిచారు. ముగ్గురు బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళట. మిగతా వాళ్ళు కడపలో కాలేజీ పిల్లలు. వేదిక పక్కన నల్లబట్టలేసుకున్న ఒకామె నిలబడి, ఎప్పుడు రావాలో ఎప్పుడు తిరగాలో చేత్తో సైగలు చేస్తోంది. పిల్లలకు నడక నేర్పింది ఆమేనట.

నేను బట్టలు చూస్తున్నాను. అమ్మ మాత్రం ఒక్క చీర గురించీ మాట్లాడలేదు. ఆమె చూపంతా వాళ్ళ కాళ్ళ మీదా మెడల మీదా ఉంది.

"ముందొచ్చిన ముగ్గురు బాగనే నడుస్తాండారు. ఆ పచ్చ పావడ పాపను జూడు, కాళ్ళ కిందికి జూస్తాంది. తడబడ్తాది," అంది.

అన్నట్టే ఆ అమ్మాయి చివరిదాకా పోయి తిరిగేటప్పుడు ఎత్తు చెప్పు మెలిపడి పక్కకు ఒరిగింది. పడలేదు గానీ, వెనక వరసల్లో కొందరు నవ్వారు. అమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది.

"ఏం నవ్వుతారప్పా! ఎక్కి నడిస్తే తెలుస్తాది," అంది, వాళ్ళకు వినపడేట్టే. నేను ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు తిప్పాను.

కాసేపటికి అమ్మే నా చెవి దగ్గరికి వంగి, "ఈ పలక శానా వెడల్పుండాది గదా," అంది.

ఆ మాట నాకు తప్ప అక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు. మా ఊరి చుట్టూ నాపరాతి గనులు. నేల కింద రాయి పొరలు పొరలుగా ఉంటుంది. మగవాళ్ళు ఉలితో సుత్తితో ఆ పొరల్ని విడదీస్తారు. విడిన బండల్ని గుంతలోంచి గట్టు మీదికీ, గట్టు మీది నుంచి లారీలోకీ మోసింది మా ఊరి ఆడవాళ్ళు. లారీ వెనక తలుపు దించి, నేలకూ దానికీ మధ్య ఒక చెక్క వేసేవాళ్ళు, దాన్నే పలక అంటాం. అడుగు వెడల్పు ఉంటే గొప్ప. నెత్తిన పాతచీర చింపి చుట్టిన చుట్టకుదురు, దాని మీద రాయి, కాళ్ళ కింద ఊగే చెక్క. అమ్మ ఇరవై ఆరేళ్ళు ఆ చెక్క ఎక్కి దిగింది. నాకు ఉద్యోగం వచ్చాక, ఇంక చాలు అని నేను పట్టుబడితే మానేసింది.

పన్నెండేళ్ళప్పుడు ఒక వేసవి నేనూ వెంట పోయాను. చిన్న బండలే ఎత్తారు నాకు. నాలుగో రోజు గట్టు ఎక్కుతూ రాయి జారవిడిచాను. నా కాలికి జానెడు దూరంలో పడి ముక్కలైంది. అమ్మ తన నెత్తిన ఉన్న రాయి లారీలో దించి, తిరిగి వచ్చి, నా నెత్తి మీది చుట్టకుదురు తీసి పారేసింది. "నువ్వు ఈ పక్కకు రావొద్దు," అంది. మళ్ళీ నన్ను గని దగ్గరికి రానివ్వలేదు.

షో అయిపోయింది. ఇక లేచి చీరలు చూద్దామని నేను పైకి లేవబోతుంటే, మైకు అమ్మాయి కొత్త సంగతి చెప్పింది.

"ఇప్పుడు మన అమ్మల వంతు! అరవై దాటిన అమ్మలెవరైనా వచ్చి ర్యాంప్ మీద నడవొచ్చు. నడిచిన అందరికీ గిఫ్ట్. ఫస్ట్ వచ్చినవాళ్ళకు పట్టుచీర!"

జనం చప్పట్లు కొట్టారు. ఒకరినొకరు తోసుకుంటూ ముగ్గురు లేచారు. నా పక్కన కుర్చీ చప్పుడైంది. చూస్తే అమ్మ నిలబడి ఉంది.

"యాడికమ్మా?" అన్నాను, కొంగు పట్టుకుని.

"నడిచొస్తా. ఊరికే గదా."

"వద్దులే. నీకు కాళ్ళు నొప్పులు కదా."

"కూసుంటేనే నొప్పి. నడిస్తే ఏముండాది?" అని, నా మొహంలోకి చూసింది. "సిగ్గయితాందా నీకు?"

లేదన్నాను. అబద్ధం. ఆ వెలిసిపోయిన చీరతో, నూనె రాసి బిగించి ముడేసిన జుట్టుతో ఆమె ఆ దీపాల కింద నిలబడితే ఇందాక నవ్విన వాళ్ళే మళ్ళీ నవ్వుతారని నా భయం. నేను కొంగు వదిలేదాకా అమ్మ కదలకుండా నిలబడింది. వదిలాను.

మొదట నడిచినామె ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనామెలా ఉంది. మంచి చీర కట్టుకుంది. అందరికీ చెయ్యి ఊపుతూ దర్జాగా పోయి వచ్చింది. రెండో ఆమెకు నవ్వు ఆగక సగంలోనే వెనక్కి వచ్చేసింది. మూడో ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని నడిచింది. తర్వాత అమ్మ. మెట్టు దగ్గర చెప్పులు విడిచి పక్కకు జరిపింది.

"చెప్పులు వేసుకోవచ్చమ్మా, ఏం కాదు," అంది మైకు అమ్మాయి.

"పలకెక్కేటప్పుడు చెప్పులేంది పాప? జారదూ?" అంది అమ్మ.

అది మైకులో అందరికీ వినిపించింది. నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. నేనూ ఫోన్ తీశాను గానీ కళ్ళు అమ్మ మీదే ఉన్నాయి.

అమ్మ కొంగు నడుములో దోపింది. ఎడంచేత్తో కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళంత పైకి పట్టింది. ఒక్క క్షణం అట్లాగే నిలబడి, ఎదురుగోడ మీద ఎక్కడో చూపు నిలిపింది. పాట పరుగులు పెడుతోంది. అమ్మ దాన్ని పట్టించుకోలేదు. తన లెక్కలో తను అడుగు వేసింది. మడమ ముందు ఆనుతోంది, తర్వాత పాదం మొత్తం, అప్పుడు రెండో కాలు కదులుతోంది. నడుము నుంచి కింద అంతా కదులుతోంది. నడుము నుంచి పైన ఏదీ కదలడం లేదు. మెడ నిటారుగా ఉంది. ఆ వేదిక మీద అప్పటిదాకా నడిచిన పదకొండు మందిలో ఎవరి తలా అంత నిశ్చలంగా లేదు. నెత్తిన ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఏదో ఉన్నట్టే ఉంది.

సగం దూరం పోయేసరికి నవ్వులు ఆగిపోయాయి. మిగతావాళ్ళు చివరికి రాగానే అంచు ఎక్కడుందా అని కిందికి చూసుకున్నారు. అమ్మ చూడలేదు. కాలి బొటనవేలు అంచుకు తగలగానే ఆగింది. తల ఒక్కటే తిప్పకుండా, మనిషి మనిషంతా ఒక్కసారిగా తిరిగింది. నెత్తిన రాయి ఉంటే అట్లాగే తిరగాలి. తిరిగి వస్తున్నప్పుడు ఎవరో పాట ఆపేశారు. నల్లబట్టలామె అనుకుంటాను. ఆ నిశ్శబ్దంలో చెక్క మీద అమ్మ పాదాల చప్పుడు వినిపించింది.

అప్పుడు చప్పట్లు కొట్టారు. అమ్మ మెట్టు దిగి, వంగి చెప్పులు వెతుక్కుంటోంది. నల్లబట్టలామె గబగబా దగ్గరికి వచ్చింది.

"ఎవరు నేర్పారమ్మా మీకు ఇట్లా నడవడం?"

"నేర్పేదేముండాది? రాయి కింద పడితే కాలు పోతాది. ఆ బయమే నేర్పిస్తాది," అంది అమ్మ.

"రాయా?" అంది మైకు అమ్మాయి. అమ్మ నా వైపు చెయ్యి చూపించి, "మా పాప టీచరు. బాగ చెప్తాది, అడుగు," అంది.

మైకు నా ముందుకు వచ్చింది. "మీ అమ్మగారు ఏం చేస్తారండీ?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. హాస్టలు ఫారాల్లో, టీచరు ట్రైనింగ్ ఫారాల్లో, పెళ్ళిచూపుల్లో, కొత్త బడిలో చేరినప్పుడు ఎన్నోసార్లు అడిగారు. ప్రతిసారీ 'గృహిణి' అని రాశాను, గృహిణి అనే చెప్పాను. ఎవరూ అనుమానించలేదు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆమెకూ తెలియదు. నా చదువుకు ఫీజు కట్టిన మనిషి ఏం పని చేసిందో నేను ఇన్నేళ్ళలో ఒక్క కాగితం మీద కూడా రాయలేదు.

"మా అమ్మ నాపరాళ్ళ గనిలో కూలి," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "ఇరవై ఆరేళ్ళు రాళ్ళు మోసింది. అడుగు వెడల్పు చెక్క ఎక్కి లారీలకు ఎత్తింది. ఒక్క రాయి కూడా జారవిడవలేదు. ఆ కూలితోనే నేనూ మా చెల్లెలూ చదువుకున్నాం."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. ఈలోపే వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక పెద్దాయన చెయ్యెత్తి, "బేతంచెర్ల పక్కనామ్మా?" అని అరిచాడు.

"ఆ పక్కనే నాయనా!" అంది అమ్మ, మైకు లేకుండానే.

"నేను బండలు పరిచే మేస్త్రీనమ్మా! మీ పక్క రాళ్ళే పరుస్తాండా ఇన్నేండ్లూ!" అన్నాడాయన. ఆ తర్వాత కొట్టిన చప్పట్లు మొదటి చప్పట్ల వంటివి కావు. ఆయన దగ్గరే మొదలై ముందుకు వచ్చాయి.

పచ్చ పావడ అమ్మాయి అమ్మ దగ్గరికి వచ్చింది. ఏడ్చినట్టుంది, కళ్ళకాటుక కొంచెం చెదిరి ఉంది. "నాకు చెప్పవా అవ్వా?" అంది. నల్లబట్టలామె కూడా, "చెప్పండమ్మా, వారం నుంచి చెప్తున్నా ఈ పిల్లకి రావట్లేదు," అంది.

అమ్మ ఆ అమ్మాయి చున్నీ అడిగి తీసుకుంది. రెండు మెలికలు తిప్పి, గుండ్రంగా చుట్టి, క్షణంలో చుట్టకుదురు చేసింది. కింది అంతస్తు నుంచి ఒక చిన్న స్టీలు బిందె తెప్పించారు. చుట్టకుదురు పెట్టి, దాని మీద బిందె పెట్టి, అమ్మాయి గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించింది.

"సూపు దూరం పెట్టు పాప. కాళ్ళను నువ్వు జూడొద్దు, వాటికి తెలుసు. ఊపిరి బిగబట్టొద్దు. తొందర యాముండాది, నీ ఎనక లారీ ఏం పోదు."

ఆ అమ్మాయి ఎత్తుచెప్పులతోనే నడిచింది. మొదటిసారి మూడడుగులకే బిందె జారింది. అది పడకముందే అమ్మ పట్టేసుకుంది. రెండోసారి చివరిదాకా పోయింది, తిరిగింది, వచ్చింది. దిగి అమ్మను వాటేసుకుంది. అమ్మ కొంచెం ఇబ్బందిపడి, "సాలు సాలు. పొద్దంతా మోస్తే ఇంగా బాగొస్తాది," అంది.

పట్టుచీర అమ్మకు రాలేదు. మొదటగా నడిచిన రిటైర్డ్ ఆమెకు ఇచ్చారు. నడిచిన నలుగురికీ తలా ఒక టిఫిన్ డబ్బా ఇచ్చారు. నాకు కోపం వచ్చింది. పోయి అడుగుదామనుకున్నాను. అమ్మ టిఫిన్ డబ్బా మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూస్తోంది.

"మూత గట్టిగుండాది. పులుసు కారదు," అంది. "ఆయమ్మ గుడక బాగనే నడిచింది లేమే. మొగంలో నవ్వుండె. నాకు నడిచేటప్పుడు నవ్వేది రాదు."

చెల్లెలికి చీర అమ్మే ఎంచింది, ఆకుపచ్చది. చూపించిన అమ్మాయి ఆమెను 'అవ్వా' అంటూ, అడగకుండానే చీరలన్నీ విప్పి పరిచింది. వేంపల్లె బస్సులో కిటికీ పక్కన అమ్మ నిద్రపోయింది. నేను ఫోనులో ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. ఫోను చూడకుండా అమ్మనే చూస్తూ తీయడం వల్ల మొదట కొంతసేపు సగం కుర్చీలే పడ్డాయి. తర్వాత బాగానే వచ్చింది. చెల్లెలి ఇంట్లో ఆదివారం ప్రార్థన అయ్యాక, వాళ్ళ అత్తగారికి, మామగారికి, పాస్టరుగారికి అందరికీ చూపించాను. చెల్లెలు చూస్తూ చూస్తూ లేచి లోపలికి పోయింది. కాసేపటికి మొహం కడుక్కుని వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ మాత్రం, "అన్నం సల్లారిపోతాంది, లెయ్యండి," అని అందరినీ లేపింది.

ఆత్మకూరులో మా బడిలో కూడా చూపించాను. "ఎవరు మేడమ్ ఈమె?" అని హెడ్మాస్టరు అడిగితే మా అమ్మ అన్నాను. ఏం పని చేసేదో ఆయన అడగకముందే చెప్పాను.

తర్వాతి నెల ఊరికి పోయినప్పుడు అమ్మతో కలిసి రాళ్ళు మోసిన ముగ్గురు మా ఇంటికి వచ్చారు. వీడియో సంగతి ఊరంతా తెలిసిపోయింది. నలుగురూ అరుగు మీద కూర్చుని, నా ఫోను మధ్యలో పెట్టుకుని చూశారు. వాళ్ళు మెచ్చుకుంటారని అనుకున్నాను.

"ఇంత మెల్లగనా? ఇట్ల నడిస్తే గని మేస్త్రీ ఊరుకుంటాండెనా?" అంది ఒకామె.

"ఎడమ బుజం దించింది జూడు. అప్పుడూ అంతే. ఎన్నిసార్లు చెప్పినా ఇనలే," అంది ఇంకొకామె.

"నెత్తిన రాయి లేకుంటే బుజం ఎట్లుంటే ఏమిలే!" అని అమ్మ నవ్వుతూ తప్పించుకోబోయింది.

వాళ్ళలో అందరికంటే పెద్దామెకు డెబ్బై దాటాయి. లారీ చెక్క మీద ఆమెకు సాటి లేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు. ఆమె వీడియో అయిపోయాక రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచింది.

"ఏదీ, బిందె తీసుకరా," అంది అమ్మతో. "ఉత్త బిందె గాదు, నీళ్ళు బొయ్యి."

అమ్మ లోపలికి పోయి నీళ్ళ బిందె తెచ్చింది. ఇద్దరు చెరో పక్కా పట్టి, ఒకప్పుడు రాయి ఎత్తినట్టే ఎత్తి, పెద్దామె నెత్తిన పెట్టారు. ఆమె చెయ్యి వేయకుండా వీధిలోకి దిగి, చర్చి గేటు వైపు నడిచింది. వెనకే మిగతా ఇద్దరు కొంగులు దోపుకున్నారు. అమ్మ నా వైపు చూసి, "ఏం జూస్తాండావు? ఫోన్ పట్టుకో," అని వాళ్ళ వెనక వీధిలోకి దిగింది. గుంతలోంచి గట్టు మీదికి వచ్చేటప్పుడు నడిచినట్టే, నలుగురూ ఒకరి వెనక ఒకరు, ఒకే అడుగున పోతున్నారు. ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చి చూస్తున్నారు. నేను ఫోన్ పట్టుకుని వాళ్ళ వెంట పరిగెత్తాను.